ఎనిమిదో కోట, మూడో అంతస్తు

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఒంటికన్ను రాక్షసుణ్ణి చంపాలని లెక్కల మాస్టారు నిశ్చయించుకున్నారు. అంతకుముందు స్నానం చేసి కాఫీ తాగాలి. ఇరవై ఏడేళ్ళుగా చావని రాక్షసుడు ఇంకో అరగంట ఆగితే కొంపేమీ మునిగిపోదు.

ఆ రాక్షసుడు ఉండేది ఎనిమిదో కోటలో. ఆ కోట ఉండేది మాస్టారు కాలేజీ రోజుల్లో కొనుక్కున్న వీడియో గేమ్ క్యాసెట్‌లో. ఆ క్యాసెట్, దాన్ని ఆడించే పెట్టె, వీపు ఉబ్బిన పాత టీవీ, ఈ మూడూ మూడో అంతస్తులో వాళ్ళ ఇంటి వెనకగదిలో కాపురం ఉంటున్నాయి. ఇన్నేళ్ళలో నాలుగుసార్లు ఆయన ఏడు కోటలూ దాటి ఎనిమిదోదాని గుమ్మం తొక్కారు. నాలుగుసార్లూ కత్తి దూసి ఎదురు వెళ్ళడం, వాడు ఒక్క గెంతు గెంతి పీక పట్టుకోవడం జరిగిపోయాయి. నిన్న రాత్రి ఐదోసారి అక్కడిదాకా వచ్చేసరికి కళ్ళు మండుతున్నాయి, బొటనవేలు వాచింది, చేతిలో ఒక్క ప్రాణమే మిగిలింది. ఇలాంటప్పుడు తొందరపడకూడదని ఆటని మధ్యలో ఆపి, టీవీ మీద దుప్పటి కప్పి, స్విచ్చి మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించి పడుకున్నారు. ఆ కాలపు ఆటల్లో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. కరెంటు ఒక్క క్షణం పోయినా మళ్ళీ మొదటి కోట ముందు నించోవాలి.

ఆ వీలు లేకపోవడమే ఆ ఆట గొప్పతనమని మాస్టారి అభిప్రాయం. ఆటల గురించి ఆయనకు చాలా అభిప్రాయాలున్నాయి, అన్నిటికీ కోపం ఎక్కువ.

"ఇప్పటివీ ఒక ఆటలేనా?" అన్నారు, కాఫీ కప్పు బల్ల మీద పెట్టి. ఎదురుగా పదహారేళ్ళ కూతురు ఫోన్ చూసుకుంటోంది. "మా రోజుల్లో క్యాసెట్ పెడితే ఆట మొదలయ్యేది. మహా అయితే ఒకసారి ఊది పెట్టేవాళ్ళం. ఇప్పుడు పెట్టీ పెట్టగానే 'ఆగండి, మమ్మల్ని మేం బాగుచేసుకుంటున్నాం' అంటుంది, గంటసేపు. ఆ బాగుచేసుకోవడమేదో అమ్మేముందే చేసుకోవద్దూ? పోనీ మొదలయ్యాకైనా మనల్ని మన మానాన వదుల్తుందా? ఎటు వెళ్ళాలో బాణం గుర్తు. తలుపు దగ్గరికెళ్తే ఏ మీట నొక్కాలో పక్కనే రాసి ఉంటుంది. చచ్చిపోతే లేపి, ముఖం తుడిచి, చచ్చిన చోటే నించోబెడతారు. అది ఆటా, అల్లుడికి చేసే మర్యాదా?"

సోఫాలో మామగారు కూర్చుని ఉన్నారని అప్పుడు గుర్తొచ్చి మాస్టారు ఆ మాట దగ్గర ఆగారు. మామగారు ఐదు రోజుల క్రితం దవడపన్ను పీకించుకున్నారు. అప్పట్నించీ వాచిన బుగ్గకి రుమాలు అదుముకుని, ఉదయపు నడక మానేసి, ఎవరేమన్నా తలూపుతూ కాలక్షేపం చేస్తున్నారు. ఇప్పుడూ తలూపారు.

"మరి రాత్రి నువ్వు ఆట ఆపి పడుకున్నావుగా నాన్నా," అంది కూతురు. "అది దాచుకోవడం కాదా?"

"కాదు. అది విరామం."

"పదకొండు గంటలా?"

"విరామానికి కొలతేమిటి?" అన్నారు, పొద్దస్తమానం కొలతలు చెప్పి బతికే మనిషి.

సరిగ్గా అప్పుడు బెల్లు మోగింది. గుమ్మంలో బిల్డింగు సెక్రటరీ నించుని ఉన్నారు. ఉద్యోగం నించి రిటైరయ్యాక ఆయనకి పరోపకారమే పని. ఎవరికి కష్టమొచ్చినా అందరికంటే ముందు చేరుకుంటారు, అందరికంటే ఆఖర్న వెళ్తారు.

"మాస్టారూ, తొమ్మిదిన్నరకి కరెంటు తీసేస్తున్నాం. కింద మెయిన్ బోర్డు మారుస్తున్నారు. మధ్యాహ్నందాకా రాదు, నీళ్ళవీ పట్టేసుకోండి."

మాస్టారు వెనకగది వైపు చూశారు. "నాకెవరూ చెప్పలేదే?"

"నాలుగు రోజుల్నించీ లిఫ్టులో నోటీసు ఉందండీ."

మాస్టారు లిఫ్టు ఎక్కరు. మీట నొక్కితే చాలు పైకి మోసుకుపోవడం, అదీ ఒక కొత్త ఆటేనని ఆయన ఉద్దేశం.

"ఇవాళ కుదరదు," అన్నారు.

"ఎందుకని?"

చెప్పడానికి ఒక చిక్కుంది. కిందటి నెల బిల్డింగు సమావేశంలో పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమంటే మాస్టారు నలభై నిమిషాలు వీడియో గేముల్ని ఉతికి ఆరేశారు. ఆయన తిట్టింది కొత్త ఆటల్నే. ఆ 'కొత్త' అనే ముక్క ఆవేశంలో ఎక్కడో జారిపోయింది. తల్లిదండ్రుల చప్పట్లు విన్నాక దాన్ని వెతికి తెచ్చి మళ్ళీ పెట్టడం ఆయనకి బాగోలేదనిపించింది. మర్నాటికల్లా పదకొండు ఇళ్ళలో పిల్లల ఆటపెట్టెలు బీరువాల్లోకి వెళ్ళి తాళాలు పడ్డాయి. అలాంటి మనిషి ఇప్పుడు నా ఆట పోతుంది, కరెంటు తియ్యకండి అని ఏ మొహం పెట్టుకుని అంటాడు?

"లోపల ఒక మిషను నడుస్తోంది," అన్నారు చివరికి. "మధ్యలో ఆగకూడదు."

"ఏం మిషను?"

మాస్టారు తలుపు రెక్క కాస్త దగ్గరికి లాగారు. సెక్రటరీ ఆయన భుజం మీంచి లోపలికి చూశారు. సోఫాలో మామగారు కళ్ళు మూసుకుని, బుగ్గ పట్టుకుని, చల్లటి పాలు ఒక్కో గుక్కే మింగుతున్నారు. సెక్రటరీ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"పెద్దాయనకా? ఐదు రోజులుగా కిందికి రాకపోతే అనుకుంటూనే ఉన్నాను. ఇంట్లోనే పెట్టారా మిషను?"

కాదు అనాలి. మాస్టారు అనబోయారు కూడా. ఈలోగా సెక్రటరీ కళ్ళలో నీళ్ళు, గోడ మీద తొమ్మిదీ పన్నెండు చూపిస్తున్న గడియారం, రెండూ ఒకేసారి కనిపించాయి. ఆయన తల అవునని నిలువుగానూ ఊగలేదు, కాదని అడ్డంగానూ ఊగలేదు, మధ్యస్థంగా ఊగింది. ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు తీసుకోవచ్చు. సెక్రటరీ తనకి కావాల్సినట్టు తీసుకుని, మాస్టారి చెయ్యి గట్టిగా నొక్కి, మెట్లు దిగిపోయారు.

మాస్టారు వెనకగదిలోకి పరుగెత్తి దుప్పటి లాగేశారు. కత్తివీరుడు రాత్రి ఎలా ఉన్నాడో అలాగే ఒక కాలు ఎత్తి నించుని ఉన్నాడు. జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకుని, ఊపిరి పీల్చుకుని, బొటనవేలు మీట మీద పెట్టారో లేదో మళ్ళీ బెల్లు. ఈసారి ఎలక్ట్రీషియన్.

"సార్, పని ఆపడానికి లేదు. పాత బోర్డు కాలిన వాసనొస్తోంది. మీరేం కంగారు పడకండి, ఎదురు ప్రింటింగ్ ప్రెస్సులో జనరేటరుంది. అక్కణ్ణించి మీ ఒక్క గదికీ వైరు లాగేస్తాను. పెద్దాయన ఏ గదిలో ఉన్నారు?"

"వెనకగదిలో," అన్నారు మాస్టారు. అబద్ధం మొదటిసారి నోటితో చెప్పారు.

ఆ తర్వాత ఏదీ ఆయన చేతుల్లో లేదు. ప్రెస్సువాళ్ళు ఆదివారమని చూడకుండా షట్టరెత్తారు. వైరు రోడ్డు దాటుతుందని సెక్రటరీ బళ్ళని నిలబెట్టేశారు. రెండో అంతస్తు టైలరమ్మ తన బాల్కనీలో ఆరేసిన బట్టలన్నీ తీసేసి వైరుకి దారిచ్చింది. కింద ఇంట్లో సంగీతం క్లాసు మానేశారు. పిల్లలెవరూ గట్టిగా మాట్లాడకూడదన్నారు. ఎవరో అంబులెన్సుకి కూడా ఫోన్ చేసి, ఎందుకైనా మంచిదని గేటు దగ్గర ఆపించారు. నాలుగో అంతస్తు నర్సమ్మ బీపీ మిషను పట్టుకుని దిగివచ్చింది.

"ఇప్పుడే నిద్రపట్టిందమ్మా," అన్నారు మాస్టారు, తలుపుకి అడ్డంగా నించుని. తలుపేసి గిర్రున తిరిగేసరికి ఎదురుగా మామగారు.

"అల్లుడుగారూ, నాకేమైంది?"

"ఏమీ కాలేదు మామయ్యగారూ. కాసేపు వెనకగదిలో పడుకోండి."

"నీకు సీరియస్‌గా ఉంది తాతయ్యా," అంది కూతురు.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నాన్న తలూపాడు."

సంగతంతా విన్నాక మామగారికి ఐదు రోజుల్లో మొదటిసారి నోరు పూర్తిగా తెరుచుకుంది. "ఒక్క పన్ను పీకించుకున్న పాపానికి నన్ను అంతదూరం తీసుకెళ్ళారా? మీ ఆట బతకడానికి నేను పోవాలా?"

"పోనక్కర్లేదండీ. పడుకుంటే చాలు."

"సరే. పడుకుని నేనేం చెయ్యాలి? అక్కడ టీవీ ఉందిగా, వార్తలు పెట్టండి."

"ఆ టీవీ జోలికి మాత్రం వెళ్ళకండి," అని మాస్టారు ఆయన్ని మంచమెక్కించి దుప్పటి కప్పారు. రాత్రి టీవీకి కప్పిన దుప్పటే అది.

తొమ్మిదీ నలభైకి కిటికీలోంచి వైరు వచ్చింది, చివర ప్లగ్గు బోర్డుతో సహా. కిందనించి ఎలక్ట్రీషియన్ కేకేశాడు. "సార్, మీ మిషను దీనికి తగిలించి చెప్పండి, నేను మెయిన్ తీసేస్తాను."

మాస్టారు ఒక చేత్తో కొత్త బోర్డు పట్టుకున్నారు. రెండో చెయ్యి గోడ ప్లగ్గు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"నాన్నా," అంది కూతురు మెల్లిగా. "దానికి పెట్టాలంటే దీన్ని పీకాలిగా."

ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతున్న మనిషికి ఈ లెక్క తట్టలేదు. అంతమంది చేతులు పడి, రోడ్డు దాటి, మూడంతస్తులు ఎక్కి వచ్చిన ఆ కరెంటు ఆయనకి ఎందుకూ పనికిరాదు.

"పోనీ సెక్రటరీ గారొచ్చిన వెంటనే కూర్చుని ఆడేసుంటే ఈపాటికి అయిపోయేది," అంది మళ్ళీ.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. బోర్డు మీద, ఎలక్ట్రీషియన్ చురుకుతనం మీద, అడక్కుండానే ఉపకారం చేసే ఈ మనుషుల మీద, అన్నిటికంటే ముఖ్యంగా నిజం చెప్పే పిల్లల మీద. ఎలక్ట్రీషియన్‌కి "పది నిమిషాలాగు" అని చెప్పి కూర్చుందామని అనుకుంటుండగా వీధి తలుపు దబదబా బాదిన చప్పుడైంది.

మాస్టారి భార్య. ఎనిమిదింటికి బజారుకెళ్ళిన మనిషి. గేటు దగ్గర అంబులెన్సు, దాని చుట్టూ జనం, అందరి మొహాల్లో జాలి. ఎవరో "ధైర్యంగా ఉండమ్మా" అన్నారు. మూడంతస్తులూ పరుగున ఎక్కేసరికి ఆవిడకి ఊపిరి అందడం లేదు. వెనకే సెక్రటరీ, నర్సమ్మ, టైలరమ్మ.

"పొద్దున్న బాగానే ఉన్నారు కదండీ," అంది ఏడుస్తూ. "మెత్తటి బిస్కెట్లు తెమ్మన్నారు. ఏ దుకాణంలోనూ లేకపోతే నాలుగు వీధులు తిరిగి తెచ్చాను." చేతిలో ఆ పొట్లం నలిగిపోయి ఉంది. ఆ తర్వాత ఆవిడ గొంతెత్తి ఏడ్చిన ఏడుపు మెట్ల మీంచి కిందిదాకా వినిపించింది.

ఆ పొట్లం చూశాక మాస్టారికి రాక్షసుడూ గుర్తులేడు, కోటా గుర్తులేదు. తను చేసింది ఎంత తప్పుడు పనో ఒక్కసారిగా తెలిసివచ్చింది. "ఏడవకు," అన్నారు అందరి ముందూ. "మీ నాన్నగారికి ఏమీ కాలేదు. అసలు మిషనూ లేదు, జబ్బూ లేదు. నేను..."

ఆ మాట పూర్తికాలేదు. వెనకగదిలోంచి బాకాలు ఊదుతున్నట్టు సంగీతం వచ్చింది. ఆ ఆటలో ఉన్న ప్రతి చప్పుడూ మాస్టారికి నిద్దట్లో కూడా తెలుసు. ఈ సంగీతం మాత్రం ఆయన ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారీ వినలేదు.

అందరూ ఒకేసారి ఆ గదిలోకి తోసుకొచ్చారు. మామగారు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చేతిలో జాయ్‌స్టిక్ తలకిందులుగా ఉంది. టీవీలో కోట మీద టపాకాయలు పేలుతున్నాయి.

"వార్తలు పెడదామని ఈ రిమోట్ నొక్కాను," అన్నారాయన. "ఆ కత్తి పట్టుకున్నవాడు కదిలాడు. ఇంకేం నొక్కితే ఏమవుతుందోనని చేతులు తీసేశాను. ఒంటికన్నువాడొకడు వచ్చి వీడి మీదికి గెంతాడు. వీడు ఉన్నచోటే ఉన్నాడుగా, వాడు వీణ్ణి దాటిపోయి వెనకాల గోతిలో పడ్డాడు. అంతే. తర్వాత ఈ బాజాలు."

"ఏమీ చెయ్యలేదా మీరు?"

"ఏం చెయ్యాలి?"

నాలుగుసార్లు కత్తి దూసి ఎదురు వెళ్ళిన మాస్టారు మంచం పట్టె పట్టుకున్నారు. తెర మీద అక్షరాలు వచ్చాయి. గెలిచిన వీరుడి పేరు రాయమంటోంది ఆట. ఆయన జాయ్‌స్టిక్ వైపు చెయ్యి చాచారు.

కింద ఎలక్ట్రీషియన్ ఆ ఏడుపు విన్నాడు. విని, ఇక మిషనుతో అవసరం తీరిపోయిందనుకుని, టోపీ తీసి ఒక్క నిమిషం నించుని, మెయిన్ తీసేశాడు.

తెర నడుమ చిన్న చుక్క మిగిలి, అదీ ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. అందరూ మాస్టారి వైపు చూస్తున్నారు.

"ఇదా ఆగకూడని మిషను?" అన్నారు సెక్రటరీ.

"ఇది కొత్త ఆట కాదండీ," అన్నారు మాస్టారు. "నేను ఆ రోజు చెప్పింది కొత్త ఆటల గురించి. ఇందులో బాణం గుర్తులుండవు. ఎవరి సాయం ఉండదు. ఇది నిజాయితీ అయిన..."

వినడానికి ఎవరూ నిలబడలేదు. ఆయన భార్య బిస్కెట్ల పొట్లం తండ్రి ఒళ్ళో పెట్టి, తల నిమిరి, భర్త వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆవిడ మాస్టారితో చెప్పాల్సినవన్నీ కూతురి ద్వారానే చెప్పింది. మామగారు చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలన్నా మళ్ళీ మొదటి కోట నించి రావాలి, వాచిన వేలు సహకరించలేదు. పదకొండు ఇళ్ళలో బీరువాల తాళాలు మాత్రం ఆ సాయంత్రానికే తెరుచుకున్నాయి.

శనివారం బడి నించి వస్తుంటే గేటు పక్క అరుగు మీద మామగారు కనిపించారు. బుగ్గ వాపు తగ్గి కళగా ఉన్నారు. మనవరాలు నేర్పిన కొత్త ఆటేదో చేతిలో పెట్టుకుని, చుట్టూ మూగిన పిల్లలకి తీరిగ్గా చెబుతున్నారు. "మా అల్లుడు మెచ్చుకునే ఆ పాతవి మరీ సులువర్రా. ఊరికే కూర్చుంటే గెలిచేస్తాం. పని ఉంటే గింటే ఈ కొత్తవాటిలోనే ఉంది. పొద్దున్నించీ చస్తున్నాను."

మాస్టారికి కోపం నషాళానికి అంటింది. కానీ మెట్ల దగ్గర సెక్రటరీ నించుని ఉన్నారు. గత్యంతరం లేక జన్మలో మొదటిసారి లిఫ్టెక్కారు. లోపల కొత్త నోటీసు అంటించి ఉంది. రేపు ఉదయం పది గంటలకి, పాత ఆటలు, కొత్త ఆటల మీద మూడో అంతస్తు పెద్దాయన ప్రసంగిస్తారట.

మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, మూడో అంతస్తు మీట కోసం వెతికారు. ఏది నొక్కాలో పక్కనే రాసి ఉంది, ఎటు వెళ్ళాలో బాణం గుర్తు కూడా ఉంది.