బావ ఇచ్చిన షుగర్ గోలి

షుగర్ ఉన్న మనిషికి డాక్టర్ దండగ. నలుగురు చుట్టాలు, ఒక పెళ్లి పిలుపు ఉంటే చాలు!

డాక్టర్ దగ్గరికి వెళ్తే టోకెన్ తీసుకోవాలి, పరగడుపున రక్తం ఇవ్వాలి, తిన్నాక మళ్లీ ఇవ్వాలి. చుట్టానికి ఇవేమీ అక్కర్లేదు. మొహం చూస్తాడు, జేబులోంచి గోలి తీస్తాడు, ఫీజు అడగడు. ఇంత గొప్ప వైద్యం ఇంకెక్కడైనా దొరుకుతుందా?

నమ్మకపోతే సిరిసిల్ల మనోహర్ సంగతి వినండి. ఆయన మరమగ్గాల ఆసామి. ఒక్క పోగు తెగితే మగ్గం ఆపించి, ముడి పడేదాకా కదలనివ్వడు. తన ఒంటి విషయంలో మాత్రం అంత చాదస్తం లేదు.

చాదస్తమంతా భార్య శారదది. డాక్టర్ చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకోవడం ఆమెకున్న పెద్ద లోపం. గోలి మింగితే వెంటనే తిండి ఉండాలట. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోకూడదట. ఒకరికి రాసిన గోలి ఇంకొకరు ముట్టకూడదట. రోజూ ఇదే. పెళ్లయిననాటి నుంచి వింటున్న గొంతు ఇంట్లో ఫ్యాన్ చప్పుడులాంటిది. తిరుగుతున్నంతసేపూ ఎవరికీ వినబడదు.

మొన్న కోరుట్లలో మనోహర్ చిన్నమ్మ కొమురవ్వ మనవరాలి పెళ్లయింది. ఫంక్షన్ హాల్లో మగవాళ్లంతా కూలర్ ముందు కుర్చీలు వేసుకున్నారు. ఒకప్పుడు ఇలాంటి చోట వానల గురించి అడిగేవారు. ఇప్పుడు అడిగేది ఫాస్టింగ్ ఎంత అని. ఒకాయన నూట అరవై అన్నాడు. పక్కాయన రెండు వందలు అన్నాడు, కాస్త గర్వంగానే.

అక్కడే ఉన్నాడు మన వైద్యుడు తిరుపతి. మనోహర్ చెల్లెలి భర్త. జగిత్యాలలో ఎరువుల దుకాణం. ఆకు చూసి పైరుకు మందు ఇచ్చే మనిషికి బావమరిది ఒక లెక్కా?

“బావా, జిలేబి వాసన అస్తున్నది. గిప్పుడే ఒకటి ఎక్కువేస్కో. ఎంత తిన్నా ఏంగాదు,” అంటూ తిరుపతి జేబులోంచి గోలి తీశాడు.

“నాది పొద్దుగాలనే ఏస్కున్న.”

“నీది ఉత్తగోలి. గిది పవర్‌ది. నేను ఏస్కుంటలేనా, నాకేమైంది?”

ఆడవాళ్ల వరుసలోంచి శారద లేచి వచ్చింది. “అన్నా, ఆయనకు గది డాక్టర్ రాయలే. బువ్వ ఎప్పుడు పెడ్తరో గూడ తెల్వది.”

“నువ్వు పోయి కూసో చెల్లె. మొగోళ్ల ముచ్చట్ల నీకేం పని?”

మనోహర్ గోలి మింగేశాడు. భార్య చూస్తుండగా మింగడంలో ఒక రుచి ఉంది. అది జిలేబిలో కూడా దొరకదు.

వంటలు సిద్ధంగానే ఉన్నాయి, మూతల కింద. పెళ్లికొడుకు గేటు దాటితే వడ్డించడమే. కానీ ఆయన దిగుతుండగా పైనుంచి వీడియో తీసే డ్రోన్ కరెంటు తీగల్లో చిక్కుకుంది. అది లేకుండా పెళ్లికొడుకు లోపలికి ఎలా వస్తాడు? లైన్‌మన్ కోసం కబురు పోయింది. పెళ్లి ఆగింది, వడ్డన ఆగింది. గోలి మాత్రం ఆగలేదు.

కూలర్ ముందు కూర్చున్న మనోహర్‌కు చొక్కా తడిసిపోయేంత చెమట పట్టింది. చేతులు వణికాయి. నీళ్లు ఇచ్చిన మనిషిని ఊరికే తిట్టాడు. వైద్యబృందం చుట్టూ చేరింది. ఎండదెబ్బ అన్నారు ఒకరు. గ్యాస్ అన్నారు ఇంకొకరు. దిష్టి తీయడానికి కొమురవ్వ ఉప్పు కోసం పంపింది.

“షుగర్ పెరిగినట్టున్నది. ఇంకోటి ఏస్తే సెట్టయితది,” అంటూ తిరుపతి జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పటికే శారద వంటల దగ్గరికి పరుగెత్తి గ్లాసులో చక్కెర నీళ్లు కలుపుకొని వస్తోంది. కొమురవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

“గిదేంది శారదా, షుగరున్నోనికి చక్కెర తాగిపిస్తవా? మనిషిని ఉంచుతవా, సంపుతవా?”

“చెయ్యి ఇడువు అత్తా. షుగర్ పెరగలే, పడిపోయింది. తెలివి తప్పితే నోట్లె చుక్క పొయ్యరాదు. గిప్పుడే తాగాలె.”

మనోహర్ కూడా మొహం తిప్పుకున్నాడు. “తీపి వద్దు... షుగర్ పెరిగిందన్నడు బావ,” అన్నాడు ముద్దముద్దగా.

ఆమె గ్లాసు ఆయన పెదవులకు ఆనించి, “తాగు,” అంది. ఆయన తాగాడు.

కాసేపటికి చూపు నిలిచింది. ఆమె అన్నం తినిపించి, అంతటితో వదలకుండా ఆస్పత్రికి ఆటో ఎక్కించింది. లేచి కూర్చున్నా గోలి పని ఇంకా నడుస్తుంటుందని, షుగర్ మళ్లీ పడిపోవచ్చని, డాక్టర్ ఆయన్ను మర్నాటిదాకా పంపలేదు. శారద పెళ్లి భోజనం అలాగే పోయింది.

హాల్లో తిరుపతి మాత్రం అందరికీ చెబుతున్నాడు. “చూసిన్రా నా గోలి పవర్? అంత షుగర్‌ను ఒక్కపారే కింద పడగొట్టింది.” ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ఆ గోలి పేరు అడిగారు.

అందుకే అంటున్నాను, చుట్టాల వైద్యం చల్లగా ఉండాలి! అదే లేకపోతే మనోహర్ తన భార్య మాట ఎప్పుడు వినేవాడు? ఇన్నేళ్ల కాపురంలో ఆ గ్లాసు ఖాళీ అయ్యేంతసేపు విన్నాడు.

ఇంటికి వచ్చాక అదీ అయిపోయింది. ఎప్పుడూ జేబులో చక్కెర పొట్లం ఉంచుకోమని డాక్టర్ చెప్పాడు. వెల్గటూర్‌లో ఇంకో పెళ్లికి తయారవుతూ మనోహర్ ఆ పొట్లాన్ని పక్కకు నెట్టాడు.

“నీ బ్యాగుల పెట్టుకో. షుగరున్నోని జేబుల చక్కెర కనబడితే నలుగుర్ల ఇజ్జత్ ఉంటదా?”

శారద బీరువాలోంచి అన్నిటికన్నా పల్చటి తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేసింది. పైజేబులో పొట్లం పెట్టి, జేబు మూతికి నాలుగు కుట్లు వేసింది. ఒక్కసారి లాగితే తెగే కుట్లే. ఆయన అది చూసుకున్నది బస్సు ఎక్కాక. నలుగురి ముందు జేబు కుట్లు తెంపుకుంటే ఇంకా నామోషీ.

వెల్గటూర్‌లోనూ కూలర్ ముందు కుర్చీలు పడ్డాయి. తిరుపతి ముందుకు వంగి చూశాడు.

“బావా, జేబుల గదేంది?”

మనోహర్ భార్య కోసం అటూ ఇటూ చూశాడు. శారద ఆడవాళ్ల వరుసలోంచి కదలలేదు. మొగోళ్ల ముచ్చట్లలో ఆమెకేం పని?