వేసవి పనికి చలికాలపు సాయం

సర్కారు సాయం ఆలస్యంగా అందితేనే మంచిది. అడగ్గానే చేతిలో పడే డబ్బు మనిషిని పాడు చేస్తుంది. ఈ మాట అన్నందుకు మా ఇంట్లో నాకు కాఫీ ఆగిపోయింది. అయినా ఉన్నమాట చెప్పక తప్పదు.

సంగతేమిటంటే, మా చెల్లెలి కూతురు డిగ్రీ రెండో సంవత్సరానికి వచ్చింది. ఫీజు తనే సంపాదించి కట్టుకోవాలని దాని పట్టుదల. సరిగ్గా అప్పుడే వ్యవసాయ శాఖ ఒక పథకం ప్రకటించింది. వేసవి సెలవుల్లో పొలం పనికి వెళ్లే విద్యార్థులకు సగం కూలి రైతు ఇస్తే, మిగతా సగం శాఖ నెలనెలా సాయంగా ఇస్తుందట. పోస్టరు మీద ఒకమ్మాయి బుట్ట పట్టుకుని నవ్వుతోంది. బుట్టలో టమాటాలు కూడా నవ్వుతున్నట్టే ఉన్నాయి.

మా మేనకోడలు ఊరి బయట టమాటా తోటలో చేరింది. ఆ తోట ఒక పెద్దావిడది. పనికొచ్చిన కుర్రకారంతా ఆవిడను పెద్దమ్మ అని పిలిచేవారు. మొదట్లో పిల్ల ఇంటికొచ్చి చెంచా కూడా పట్టుకోలేకపోయేది. నడుం పట్టేసింది. చేతులకంటిన ఆకు పసరు ఏ సబ్బుకీ లొంగలేదు. జిమ్ముకి డబ్బు కట్టి మరీ నడుంనొప్పి తెచ్చుకునేవాళ్లను చూశాను. శాఖవారు ఉచితంగా ఇచ్చారు. ఇది సాయం కాదా?

నెల తిరిగింది. పెద్దమ్మ తన సగం ఇచ్చింది. శాఖ సగం రాలేదు. వచ్చిన సగం బస్సు ఛార్జీలకీ టిఫిన్లకీ సరిపోయింది. పిల్లలు మానేద్దామనుకున్నారు. తోటలో కాయలేమో ఎర్రబడిపోతున్నాయి. వాటికి ఆఫీసు పనివేళలు తెలియవు.

"పెద్దమ్మా, రేపట్నించి రాలేమేమో. వచ్చింది బస్సుకే పోతోంది" అంది మేనకోడలు, తలెత్తకుండా.

"మీరు మానేస్తే మీ చదువూ ఆగుతుంది, నా కాయా కుళ్లిపోతుంది. రేపట్నించి నా ట్రాక్టరు పంపిస్తాను, బస్టాండు దగ్గర ఎక్కేయండి. మధ్యాహ్నం నాతో పాటే తిందురుగాని" అంది పెద్దమ్మ.

ఆవిడకి మార్కెట్ వ్యాపారి నుంచి కిందటి పంట డబ్బే ఇంకా రాలేదు. అయినా పిల్లలు ఆఖరి కోత దాకా ఆవిడ అన్నమే తిన్నారు. పథకం గొప్పదనం ఇక్కడే ఉంది. రైతుకు విద్యార్థులు సాయం, విద్యార్థులకు రైతు సాయం. అందరూ కలిసి శాఖకు సాయం.

కాలేజీ తెరిచారు. ఫీజు గడువు దాటిపోయింది. కాలేజీవారికి వ్యవసాయ అనుభవం బొత్తిగా లేదు కాబట్టి ఆలస్యానికి జరిమానా వేశారు. మా చెల్లెలు అప్పు చేసి కట్టింది. ఆ రోజు పిల్ల అన్నం తినలేదు.

స్వెట్టర్లు బయటికి తీసే కాలం వచ్చినా శాఖ సగం జాడ లేదు. చివరికి మేనకోడలు నన్ను వెంటబెట్టుకుని వాళ్ల ఆఫీసుకి వెళ్లింది. నేను వెళ్లింది వారి ఓర్పును అభినందించడానికే.

అధికారి మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"చూడమ్మా, వ్యవసాయం అంటే ఏంటో మీకు తెలియాలనే ఈ పథకం పెట్టాం. రైతుకి మాత్రం అనుకున్న రోజుకి డబ్బొస్తుందా? ఒళ్లొంచి పనిచేసి, ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటాడు. ఆ అనుభవం ఇప్పుడు మీకూ దొరికింది కదా."

నా కళ్లు చెమర్చాయి. ఇంత చదువు ఏ కాలేజీలో చెబుతారు?

మేనకోడలు గొంతు పెంచలేదు.

"నిజమే సార్. మరి మీదీ వ్యవసాయ శాఖే కదా. మీ జీతం కూడా పంట డబ్బులొచ్చాకే ఇస్తారా?"

పక్క బల్ల దగ్గర కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను చూస్తాలే అమ్మా, నువ్వెళ్లు" అన్నాడు.

ఆ వారంలోనే డబ్బు పడింది, తోటలో పనిచేసిన పిల్లలందరికీ. మేనకోడలు వాళ్లమ్మ అప్పు తీర్చేసి, ఆ కబురు చెప్పడానికి పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ అంతా విని, "ఓసారి మా వ్యాపారి దగ్గరికి కూడా రావే తల్లీ" అందట.

నాకు మాత్రం దిగులుగానే ఉంది. ఇంత గొప్ప అనుభవం పిల్లలకేనా? శాఖ పెద్దలు ఏం పాపం చేశారు? వారి జీతంలో సగం ఒకటో తారీఖున, మిగతా సగం ఎప్పుడో చలి మొదలయ్యాక ఇవ్వాలని ప్రభుత్వానికి నా మనవి. ఏళ్ల తరబడి అక్కర్లేదు, ఒక్క నెల చాలు. రెండో నెలలో విద్యార్థుల డబ్బు ఏ తేదీకి పడుతుందో మీరే చూడండి.