అమ్మెక్కిన ఆర్డినరీ విమానం

ఆ పొద్దున నూర్ మహమ్మద్ అనుకున్నది చాలా చిన్న పని. విమానంలో హజ్‌కు పోయిన తల్లి రహమత్‌బీ బొంబాయి మీదుగా రైల్లో నంద్యాల చేరుతుంది. కండక్టరు ఏలీయా స్టేషనుకు పోయి ఆమెను తీసుకొస్తాడు. తాను నడిపే ఆళ్లగడ్డ బస్సులో ముందు సీటులో కూర్చోబెట్టి, ఆమె మోకాళ్లకు శ్రమ లేకుండా ఇల్లు చేర్చాలి. ఊళ్లో చుట్టాలు పూలదండలతో కాచుకొని ఉన్నారు. రైలు వచ్చేలోపు, విమానం టికెట్లు ఇప్పించిన ఏజెంటు గౌస్‌కు మైసూరుపాకు పొట్లం ఇచ్చి వద్దామని వెళ్లాడు. అక్కడే కొంప మునిగింది.

"పెద్దమ్మ మొన్న జెద్దాలో పొద్దున పదికి ఎక్కి, సాయంత్రం అయిదున్నరకు బొంబాయిలో దిగిందన్నా" అన్నాడు గౌస్ గొప్పగా.

నూర్ మహమ్మద్ పొట్లం వెనక్కి లాక్కున్నాడు. "పోయేటప్పుడు పదికెక్కి పన్నెండున్నరకే దిగితినని జాబు రాయించింది గదప్పా. ఇప్పుడు ఏడున్నర గంటలేందీ?"

"వాళ్ల టయానికీ మన టయానికీ తేడా అన్నా. మనకు పొద్దు ముందు పుడతాది. పోయినా వచ్చినా అయిదు గంటలే."

ఇరవై ఏళ్లుగా నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య స్టీరింగు తిప్పిన మనిషి నూర్. పోయేదానికి ఎంతసేపో వచ్చేదానికీ అంతే. ఎక్కువ పట్టిందంటే డ్రైవరు దారిలో ఎక్కడో ఆపాడన్నమాట. అతనికి ఒళ్లు మండిపోయింది.

"పొద్దు సంగతి నాకు చెప్తాండావా? పోయేటప్పుడు ఎక్స్‌ప్రెస్సు ఎక్కించి, వచ్చేటప్పుడు ఆర్డినరీ ఎక్కించినావు. దారి పొడుగునా చెయ్యెత్తినోణ్ణల్లా ఎక్కించుకోనింటారు. మోకాళ్ల నొప్పుల ముసిల్దాన్ని ఏడున్నర గంటలు కూర్చోబెడతావా? నీకు అమ్మ లేదా?"

పాపం గౌస్ గోడ గడియారం చూపించాడు, చేతి గడియారం చూపించాడు. రెండింటిలోనూ ఒకటే టైము ఉండేసరికి నూర్‌కు ఇంకా మండింది.

ఇంతలో డ్రైవరును వెతుక్కుంటూ బస్సులోని జనం వచ్చారు. నూర్‌ను తిట్టిపోద్దామని వచ్చినవాళ్లు, సంగతి విని గౌస్ మీద పడ్డారు. బేతంచెర్ల నాపరాళ్ల వ్యాపారి సుబ్బరాయుడు బల్ల గుద్దాడు. "పెద్ద మనిషిని అంతసేపు కూర్చోబెట్టేదానికి మనసెట్లొచ్చిందప్పా?"

"రెండున్నర గంటల దారికి ఏడున్నరా? ఉసురు తగులుతాది నీకు" అంది బడిపంతులమ్మ జీవమ్మ.

"తప్పయిపోయిందమ్మా, ఆ పైలట్ యాడో ఆపినట్టుండాడు" అని గౌస్ చేతులు జోడించేదాకా ఎవరూ వదల్లేదు.

నూర్ మీసం దువ్వుకుంటూ, వెనక జనంతో బస్టాండుకు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. బస్సు రేకు కాలిపోతోంది. ముందు సీటులో రహమత్‌బీ మోకాళ్లు పట్టుకొని చెమటలు కక్కుతోంది. పక్కన ఏలీయా తువ్వాలతో విసురుతున్నాడు.

"ఎప్పుడొచ్చినావమ్మా?" అన్నాడు నూర్.

"రైలు ముందే వచ్చింది. రెండు గంటలైతాంది ఈడ కూర్చొని. యాడికి పోయింటివిరా?"

"నిన్ను విమానంలో అంతసేపు కూర్చోబెట్టినారని, ఆ గౌస్‌ను అడిగొస్తామని..."

రహమత్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"విమానంలో నాకేం కష్టం కాలేదు నాయనా. ఆడ డ్రైవరు బండ్లోనే ఉన్యాడు."