బావగారి కారు డిక్కీ

ఆ పొద్దున్న అమ్మిరాజు తలపెట్టిన పని చాలా చిన్నది. కుక్కను కారెక్కించి అమలాపురం పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, చెవిలో మందు వేయించాలి, పొయ్యి మీంచి దించిన పప్పుచారు చల్లారేలోగా మామిడికుదురు తిరిగొచ్చేయాలి. అంతే.

కుక్క పేరు భీముడు. తెల్లగా, ఒళ్ళంతా బొచ్చుతో, దూరం నుంచి చూసినవాళ్ళు గొర్రె అనుకునేలా ఉంటాడు. చెవి పోటుతో రాత్రంతా ఏడుస్తూ వీధిలో ఎవర్నీ కన్ను మూయనివ్వడం లేదు. ఆటోలో తీసుకెళ్దామంటే అదో కథ. కిందటిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు దారి పొడుగునా డ్రైవరు ఒళ్ళో కూర్చున్నాడు. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల ఆటోవాళ్ళు అమ్మిరాజు గుమ్మం ముందుకు రాగానే హారన్ కొట్టుకుంటూ వేగం పెంచేస్తారు.

ఇక మిగిలింది కారు. నల్లగా నిగనిగలాడుతూ అమ్మిరాజు కొబ్బరికాయల షెడ్డులో కొలువుతీరి ఉంది గానీ, అది అమ్మిరాజుది కాదు. రాజోలులో ఉండే బావగారు దుర్గారావుది. ఆయన అమ్మిరాజు భార్య సత్యవాణికి స్వయానా అన్నగారు. కూతురు రేవతి నెల తప్పి, తిన్నది ఇమడక నీరసపడిపోతోందని ఫోన్ వస్తే, భార్య సావిత్రిని తీసుకుని రైల్లో హైదరాబాదు వెళ్ళాడు. తమ ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. కాయ రాలి కొత్త కారు నెత్తి మీద పడుతుందన్న భయంతో తాళాలు చెల్లెలి చేతికిచ్చాడు.

"రోజూ ఓ చుట్టు తిప్పండి బావగారూ. లేపోతే బ్యాటరీ పడుకుంటాది" అన్నాడు దుర్గారావు.

సావిత్రి మాత్రం ఆటో ఎక్కబోతూ వెనక్కొచ్చి మరీ చెప్పింది. "ఏమనుకోకు సత్యా. మీ కుక్కని మాత్రం ఎక్కించకండమ్మా. ఒక్క వెంట్రుకున్నా నాకు తెలిసిపోద్ది."

ఆ మాట సత్యవాణి గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఆవిడ మొగుడికి ఖండితంగా చెప్పింది. "వెళ్తే వెళ్దురు గానండీ, ఆ డిక్కీలో వెంట్రుక దొరికిందంటే నేను మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేను. వదిన ముందు తలెత్తుకోలేను. ఆలోచించుకోండి."

అమ్మిరాజు ఆలోచించాడు. డిక్కీలో అడుగున ధాన్యం ఆరబోసే బరకం పరిచి, అంచులు పైకి లేపి బట్టల క్లిప్పులు పెట్టాడు. దాని మీద కొత్త తుంగచాప వేశాడు. చాప మీద సత్యవాణి పాత నైలాను చీర నాలుగు మడతలు వేసి పరిచాడు. అయినా అనుమానం తీరక, కుక్క ఒళ్ళు విదిలిస్తే వెంట్రుకలు ఎంత దూరం పోతాయో చూద్దామని తనే మోకాళ్ళ మీద డిక్కీలోకి దూరి అటూ ఇటూ ఒళ్ళు విదిలించాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి సూరయ్య గారు దొడ్డి గుమ్మంలోంచి వచ్చి, డిక్కీలోంచి బయటికున్న రెండు కాళ్ళను చూశారు.

"ఏం అమ్మిరాజూ, లోపలేదన్నా పడిపోయిందేటి?"

అమ్మిరాజు గబుక్కున వెనక్కి పాకి బయటికొచ్చాడు. సూరయ్య గారు సావిత్రికి సొంత మేనమామ. పైగా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కుక్క సంగతి తెలిసిందంటే అమ్మిరాజు తుమ్మేలోగా హైదరాబాదులో "చిరంజీవ" అంటారు.

"అబ్బే, ఏం లేదండి బాబాయిగారూ. కాస్త సర్దుతున్నానండి."

సూరయ్య గారు బరకం చూశారు, చాప చూశారు, చీర మడతలు చూశారు. తల పంకించారు.

"ప్రయాణమా?"

"ఆయ్."

"ఎక్కడికని నేనడగన్లే. బయల్దేరే మనిషిని ఎక్కడికి అనడక్కూడదు, పని చెడుద్ది. నాకర్థమైపోయింది. మంచి పని చేస్తన్నావు."

ఆయన అలా వెళ్ళి, కాస్సేపటికి ఒలిచిన కొబ్బరికాయల బస్తా జీతగాడి నెత్తిన పెట్టించుకుని వచ్చారు. వస్తూనే దాన్ని చీర మడతల మీద దింపించారు. "సంచి మీద నంబరు రాసేను. అక్కడికి చేరేక ఓ ఫోన్ కొడితే మా మనవడు ప్రకాషే వచ్చి పట్టుకెళ్తాడు."

అమ్మిరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊళ్ళో కారు బయల్దేరితే వెళ్ళేది అమలాపురమే. సూరయ్య గారికి ఏడెనిమిది మంది మనవళ్ళు, అందులో ఒకడు అమలాపురంలో చదువుతూ ఉండే ఉంటాడు. ఓ బస్తా పక్కకు జరిపితే భీముడికి చోటు సరిపోతుంది. పెద్దాయన ఏదో ముచ్చటపడి తెచ్చాడు, కాదంటే ఏం బాగుంటుంది? పెద్దవాళ్ళకు వద్దని చెప్పడం అమ్మిరాజు వంశంలోనే లేదు.

బస్తా సర్దేలోగా ఎదురింటి సత్యనారాయణమ్మ గారు ఆవకాయ జాడీతో దిగారు. మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి ఉంది.

"నేనూ అడగను నాయనా. సూరయ్య గారు చెప్పేరు. ఇది మా అమ్మాయికి. అల్లుడుగారు ఫ్లైఓవర్ కిందికొచ్చి తీసుకుంటారు. కాస్త నిలబెట్టి తీసుకెళ్ళు, కొత్తావకాయ, నూనె పైకి తేలుంది."

అమలాపురంలో ఫ్లైఓవర్ ఎప్పుడు కట్టారో అమ్మిరాజుకు అర్థం కాలేదు. అడుగుదామనుకున్నాడు. ఇంతలో దొడ్లోంచి భీముడి మూలుగు వినిపించింది. సూరయ్య గారు చెవి అటు తిప్పడం చూసి అమ్మిరాజు గట్టిగా దగ్గుతూ జాడీ అందుకున్నాడు.

తర్వాత అరటికాయల వ్యాపారం చేసే గణపతి వచ్చాడు. అతను తెచ్చినవి ముగ్గిన పనసపండు ఒకటి, చక్రకేళీ గెలలు రెండు. "మా చెల్లెలికండి. ఎలాగూ ఖాళీ డిక్కీతో ఎల్లకూడదు కదండి" అన్నాడు. పనసపండు డిక్కీలో కూర్చుంది. గెలలు వెనక సీటు ఎక్కాయి. అతని వెనకాల ఇంకో ముగ్గురు సంచులతో వీధి మలుపు తిరగడం చూసి, అమ్మిరాజు డిక్కీ తలుపు మీద మోకాలు ఆనించి మూసి, తేలు కుట్టిన దొంగలా బండి బయటికి తీశాడు.

పంటకాలవ గట్టు మీద సత్యవాణి భీముడి గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరి కంటా పడకుండా దొడ్డిదారిన వచ్చింది. అమ్మిరాజు దిగి డిక్కీ తెరిచాడు. ఆవిడ చూసింది. భీముడూ చూశాడు.

"ఇదేంటండీ! కుక్కని తీసుకెళ్తన్నామా, కొట్టు పెడతన్నామా?"

"అమలాపురమేగా సత్యా. దించేస్తే పోద్ది. పెద్దవాళ్ళు, ఎలా కాదంటాను?"

"మరి వీడో?"

కుక్క కోసం పరిచిన బరకం, చాప, చీర అన్నీ బస్తా కిందే ఉండిపోయాయి. లాగబోతే జాడీ ఒరుగుతోంది. వెనక సీట్లో గెలల పక్కన మనిషి ఒద్దికగా కూర్చునేంత చోటే ఉంది. వాళ్ళిద్దరూ తర్జనభర్జన పడుతుండగానే భీముడు తెరిచి ఉన్న ముందు తలుపులోంచి ఎక్కి, సీట్లో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. దింపబోతే చెవి చూపించి ఏడ్చాడు. చివరికి సత్యవాణి తన చేతిసంచిలోని తువ్వాలు వాడి కింద తోసి, సీటు బెల్టు పెట్టి, తను వెళ్ళి అరటిగెలల పక్కన ఇరుక్కుంది.

ఆస్పత్రిలో పని చిటికెలో అయిపోయింది. డాక్టరుగారు చెవి శుభ్రం చేసి, చుక్కల మందు వేయగానే భీముడు తోక ఊపాడు. అమ్మిరాజు తేలికపడి, ఇక బరువు దించుకుందామని బస్తా మీది నంబరుకు ఫోన్ చేశాడు.

"ప్రకాషూ, నేను అమ్మిరాజు మావయ్యని. అమలాపురంలో ఎక్కడుంటావు బాబూ?"

"అమలాపురమేంటి మావయ్యగారూ? నేను కూకట్‌పల్లిలో కదండీ ఉంట! ఎక్కడిదాకా వచ్చేరు? మీరు దుర్గారావు గారి కారు హైదరాబాదు తెస్తన్నారని తాతయ్య చెప్పేరు."

ఫ్లైఓవర్ ఎక్కడుందో అమ్మిరాజుకు అప్పుడు అర్థమైంది. ఫోన్ పెట్టేలోగా మళ్ళీ మోగింది. ఈసారి దుర్గారావు.

"బావగారూ! సూరయ్య మావయ్య అంతా చెప్పేడు. రైల్లో రేవతిని తీసుకురావడం ఎలాగా అని మేం మథనపడతన్నాం. కారు తెమ్మని అడగడానికి మొహమాటపడ్డాను. మీరు అడక్కుండానే బయల్దేరేరు! తిరుగు టికెట్లు ఇప్పుడే క్యాన్సిల్ చేసేసేను. ఇదిగో, మీ చెల్లెమ్మ మాట్లాడతాదంట, సత్యకివ్వండి."

సావిత్రి ఏమందో గానీ సత్యవాణి ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత మెత్తబడింది, చివరికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఫోన్ పెట్టేసి భీముడి వంక చూసింది.

"ఏమంది?"

"మా ఆయన చెల్లెలివి కాదు, నా చెల్లెలివి అందండి. పెళ్ళయి ఇన్నేళ్ళలో వదిన నన్ను ఒక్క మంచి మాట అనడం ఇదే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. హైదరాబాదు వెళ్ళకపోతే ఆ మంచి మాట పోతుంది. వెళ్తే కుక్క బయటపడుతుంది. కుక్కను ఇంట్లో దించి వద్దామంటే, బయల్దేరిన బండి వెనక్కొచ్చిందని ఊరంతా గుమ్మం ముందుంటుంది, మిగిలిపోయిన ఆ ముగ్గురి సంచులతో సహా. అమ్మిరాజు బండిని రావులపాలెం వైపు తిప్పాడు.

దారి పొడుగునా ఫోన్లే. అమ్మిరాజు అడిగినవాళ్ళందరికీ ఒక ఊరు ముందే చెబుతూ వచ్చాడు. తణుకులో ఉండి ఏలూరన్నాడు, ఏలూరులో ఉండి విజయవాడన్నాడు. ఇంతమంది తనకోసం ఎదురుచూడటం అతనికి పెళ్ళిలో కూడా అనుభవం కాలేదు. సత్యవాణి ప్యాకింగు టేపు కొనిపించి, చేతికి తిరగేసి చుట్టుకుని, బండి ఆగిన ప్రతిచోటా ముందు సీటు మీది వెంట్రుకలు అద్ది అద్ది తీసింది. ఆవిడ ఒకటి తీస్తే భీముడు నాలుగు ఇచ్చేవాడు. చివరికి కింది తువ్వాలు తీసి వాడి భుజాలకే కప్పింది. విజయవాడలో తెలిసినవాళ్ళింట్లో పడుకుని, తెల్లారి మళ్ళీ బయల్దేరారు. పనసపండు వాసన ఏసీలోంచి కూడా వస్తోంది.

"ఊరి చివర ఎక్కడైనా వీణ్ణి దించి, తర్వాతొచ్చి తీసుకెళ్దామా?" అన్నాడు అమ్మిరాజు.

"మందు వేసిన చెవండీ! దుమ్ము పడదూ?" అంది సత్యవాణి. ఆ తర్వాత ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

రేవతి వాళ్ళ అపార్ట్‌మెంటు ముందు దుర్గారావు, సావిత్రి, కూకట్‌పల్లి ప్రకాషు, ఫ్లైఓవర్ అల్లుడుగారు, గణపతి చెల్లెలు అందరూ ఎదురుకోలుకు వచ్చినట్టు నిలబడి ఉన్నారు. కారు గేటులోకి తిరిగింది. ముందు సీట్లో బెల్టు పెట్టుకుని, భుజాల మీద తువ్వాలుతో హుందాగా కూర్చున్న ఆకారాన్ని చూసి ప్రకాషు చేతులు జోడించబోయాడు. అప్పుడు భీముడు మొరిగాడు.

సావిత్రి కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరిచింది. సత్యవాణి అరటిగెల చాటుకు తల దించుకుంది.

దుర్గారావు కారు వెనక్కి నడిచి డిక్కీ ఎత్తాడు. పనసపండు వేడికి పగిలి తొనలు బయటపెట్టింది. జాడీ సూర్యాపేట గతుకుల్లో ఎప్పుడో పక్కకు ఒరిగింది. ఎర్రటి నూనె వాసెన గుడ్డ తడిపి, బస్తా తడిపి, చీరనూ చాపనూ దాటి, బరకం అంచు మీదుగా దుర్గారావు కొత్త కారు నల్ల తివాచీలోకి నిదానంగా దిగుతోంది. కొత్తావకాయ వాసన గుప్పుమని ఆ ఆవరణంతా కమ్ముకుంది.

మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడ్డ రేవతి తలెత్తింది. ముక్కుపుటాలు అదిరాయి. నెమ్మదిగా దిగి వచ్చి, జాడీ మూతి మీద వేలు అద్ది నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుంది.

"అమ్మా, అన్నం వార్చేవా? ఆకలేస్తంది."

పది రోజులుగా మంచినీళ్ళు కూడా ఇమడని పిల్ల! సావిత్రి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయి, అందులోంచి తిట్టుకు బదులు ఏడుపు వచ్చింది. గబగబా వెళ్ళి సత్యవాణిని గెలల మధ్య నుంచి లాగి కావలించుకుంది. రేవతి ఈలోగా ముందు తలుపు తీసి, "మావయ్యా, భీముణ్ణి కూడా తెచ్చేరా నాకోసం!" అంటూ వాడి మెడ పట్టుకుంది.

"ఆయ్. నీకోసమేనమ్మా" అన్నాడు అమ్మిరాజు, తడుముకోకుండా.

"నేనే తెమ్మన్నాన్లే" అంది సావిత్రి కళ్ళు తుడుచుకుంటూ.

ఆడవాళ్ళు, జాడీ, కుక్క పైకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఎవరి సంచి వాళ్ళు పట్టుకుపోయారు. కారు దగ్గర సబ్బునీళ్ళ బకెట్టుతో బావలిద్దరే మిగిలారు. దుర్గారావు నూనె మరక వంక, పనసజిగురు వంక మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"బావగారూ, అయిందేదో అయింది. నిజం చెప్పండి. దాన్ని ఈ డిక్కీలో గానీ ఎక్కించేరా?"

"మీ మీద ఒట్టు బావగారూ! డిక్కీలో దాని కాలు కూడా పెట్టనివ్వలేదండి."

దుర్గారావు నమ్మలేదు. ఫోన్లో లైటు వేసి, బరకం ఎత్తి, చాప దులిపి, ఆవకాయలో మునిగిన తివాచీని మూలమూలలా వెతికాడు. నిజమే, ఒక్క వెంట్రుక కూడా లేదు.