మంత్రిగారు చూసిన రెండో సగం

సాంస్కృతిక శాఖ మంత్రిగారు ఒక విదేశీ సినిమాని స్వయంగా, ప్రజల మధ్య కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చూడబోతున్నట్టు గురువారం ఉదయం ప్రకటన వెలువడింది. రిబ్బను కత్తిరించి వెళ్లిపోవడం కాదు, చూడటం. ఒక మంత్రి రెండు గంటలసేపు మాట్లాడకుండా కూర్చోవడం చరిత్రలో ఇదే ప్రథమమని ప్రకటన చివర్లో సవినయంగా ఉంది. ఇంత త్యాగాన్ని లోపలి పేజీల్లో వెయ్యడానికి పత్రికలకు మనసొప్పలేదు. మొదటి పేజీలోనే వేశాయి.

ఆ త్యాగానికి ఎంపికైన స్థలం అరవై రెండు కుర్చీల చిన్న హాలు. ఒకప్పుడు మునిసిపాలిటీ గిడ్డంగి. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, పెద్ద థియేటర్లు ముట్టుకోని సినిమాలు ఆడుతుంది. కిటికీలకి నల్లటి దుప్పట్లు కడితే పట్టపగలే అర్ధరాత్రి అవుతుంది.

ఆ హాలుకి ముగ్గురే దిక్కు. నడిపేది టీచరమ్మ. స్కూల్లో రిటైరైనా గొంతు రిటైర్ కాలేదు. ప్రొజెక్టరు తిప్పేది ఆపరేటరు. మూడో మనిషి చదువరి.

చదువరి అంటే ఆ హాలుకే ఉన్న ఉద్యోగం. తెర కింద అక్షరాలు లేని ప్రతులే వాళ్లకి దొరికేవి. మాటలు వేరే కాగితాల మీద ఇంగ్లీషులో వచ్చేవి. టీచరమ్మ వాటిని తెలుగులో నోటుపుస్తకంలోకి ఎక్కిస్తే, అతను వెనక వరసలో కూర్చుని, బస్టాండువాళ్లు పారేసిన బ్యాటరీ మైకులో, టార్చిలైటు వెలుగులో, బొమ్మతో పాటు చదివేవాడు. కన్నెపిల్లకీ, కసాయివాడికీ, చావబోయే ముసలమ్మకీ ఒకటే గొంతు. వారంలో ఆరు రోజులు అతను బస్టాండులో అనౌన్సరు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో రాని బస్సుని వచ్చిందనలేదు. పదకొండేళ్లలో సినిమా మాట ఒక్కటి మార్చలేదు. అతనికున్న ఆస్తి అదొక్కటే అని భార్య చుట్టాలందరికీ చెబుతూ ఉంటుంది, మెచ్చుకోలు కాదు.

హాలు లీజు నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించాలన్న ఫైలూ, పడగొట్టి స్కూటర్ల పార్కింగ్ కట్టాలన్న ఫైలూ మంత్రిగారి బల్ల మీద ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఈ సినిమాల వల్ల ప్రజలకేం ఉపయోగమో ఆదివారం చూసి సంతకం పెడతానని ఆయన సెలవిచ్చారు.

శుక్రవారం మంత్రిగారి పీఏ వచ్చాడు.

"కథేంటి?" అన్నాడు కుర్చీ తుడిపించుకుని.

"ఒక పోస్టుమాన్ ఒక ఉత్తరం పట్టుకుని, కొండ మీద ఊరికి తొమ్మిది రోజులు నడిచి వెళ్తాడండి," అన్నాడు చదువరి.

"విలన్?"

"వానండి."

పీఏ ముఖం నల్లబడింది. "వాన విలనా? పోయినేడు వానలు మా ప్రభుత్వం వల్లే పడ్డాయని సార్ అసెంబ్లీలో చెప్పారు. మర్చిపోయావా?"

"పోనీ, వానని హీరో అనుకోండి," అని టీచరమ్మ సర్దేసింది.

"ఆ ఉత్తరంలో ఏముంది?"

"చివర చెప్పమండి. హాలు నియమం."

పీఏ నోటుపుస్తకం లాక్కుని తిరగేశాడు. మధ్యలో ఆగాడు. కొండ మీద ఒక ముసలమ్మ అంటోంది: నలభై ఏళ్ల నుంచి రోడ్డొస్తుందంటున్నారు, రోడ్డు రాలేదు, ముసలితనం వచ్చింది.

"ఇది తీసెయ్."

"సినిమాలో ఉందండి."

"సినిమాలో ఆవిడ ఏ భాషలో అంటుంది?"

"ఆవిడ భాషలోనే."

"ఆ భాష హాల్లో ఎవడికైనా వచ్చా?"

"రాదండి."

"మరి నీకొచ్చిన కష్టమేంటి?" అని పీఏ ఒక చీటీ మీద చకచకా రాసి అతని జేబులో పెట్టాడు. "ఆవిడ నోరు తెరవగానే ఇది చదువు. నీ హాలు ఉండాలా, స్కూటర్లు ఉండాలా? తేల్చుకో."

పీఏ వెళ్లాక చదువరి చీటీ తీసి చూశాడు. టీచరమ్మ చూడనట్టు దుప్పటికి పడ్డ చిరుగు కుట్టుకుంటోంది. 

ఆపరేటరు మాత్రం పగలబడి నవ్వాడు. అతను చదువరికి స్వయానా బావ. "ఒరేయ్ బావమరిదీ, ముప్ఫై ఏళ్లు సత్యహరిశ్చంద్రుడిలా బతికావు. ఒక్క ముసల్దాని కోసం కాటికాపరి ఉద్యోగం ఊడగొట్టుకుంటావా?"

"నోర్మూసుకో బావా," అన్నాడు చదువరి.

ఆదివారం రెండున్నరకే వీధి నిండిపోయింది. ముందు వరస కుర్చీలు పీకించి మంత్రిగారి సోఫా వేయించారు. సోఫాకి చెరోపక్కా ఏనుగంత కూలర్లు. ఫొటోగ్రాఫర్ల కోసం నాలుగు పెద్ద లైట్లు.

ఆపరేటరు మెట్ల మీంచి దిగి వచ్చాడు. "అయ్యా, ఈ లైను గిడ్డంగి రోజుల్లో వేసింది. ఇంత లోడు మొయ్యదు."

"మంత్రిగారికి చెమట పడితే ఫొటోలో కనబడుతుంది," అన్నాడు పీఏ. అక్కడితో విద్యుత్ శాస్త్రం ముగిసింది.

మూడున్నరకి మంత్రిగారు నల్లకళ్లద్దాలతో వేంచేశారు. అధికారులు ముప్ఫైమంది వెంట వచ్చి మంచి కుర్చీలన్నీ నింపారు. ప్రతివారం వచ్చే ఇరవైమంది వెనక వరసల్లో ఇరుక్కుని కూర్చున్నారు. సినిమా మొదలైంది. మంత్రిగారు కళ్లద్దాలు తియ్యలేదు. కళ తాలూకు కాంతిని నేరుగా చూడకూడదని ఎవరో చెప్పి ఉంటారు.

గంట గడిచింది. తెర మీద పోస్టుమాను మోకాళ్లదాకా బురదలో దిగబడ్డాడు. పైన కొండ మీద ముసలమ్మ గుమ్మంలోకొచ్చి, బురదలోంచి కాలు పీక్కుంటూ నోరు తెరిచింది. పీఏ వెనక్కి తిరిగి చూశాడు. చదువరి టార్చిలైటు కింద చీటీ విప్పాడు. అతని గొంతు అది చదివింది:

"మొన్ననే రోడ్డొచ్చింది నాయనా. అద్దంలా ఉంది."

వెనక ఇరవైమందికీ ఒకేసారి దగ్గొచ్చింది. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. అధికారులు ఇంకాస్త గట్టిగా కొట్టారు. చదువరి మెడ వంచుకుని, తరవాతి మాట కోసం పేజీ తిప్పాడు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి రాని బస్సు వచ్చింది.

ఇంటర్వెల్ అయి పది నిమిషాలు కాలేదు. పైన ఠప్ మంది. బొమ్మ పోయింది, కూలర్లు పోయాయి. ఫొటోగ్రాఫర్లు ఇంటర్వెల్లోనే ఇళ్లకు పోయారు. నల్లదుప్పట్ల లోపల కాటుక చీకటి. టార్చిలైటు కింద నోటుపుస్తకం ఒక్కటే కనబడుతోంది.

పీఏ తడుముకుంటూ వెనక్కొచ్చాడు. "చదువు! ఆపకు!"

"కరెంటు పోయిందండి."

"పోలేదు. రాష్ట్రంలో కరెంటు పోవడం రద్దయిందని పోయిన నెలే ప్రకటించాం."

"మరి ఇది?"

"ఏదీ? చదువంటుంటే!"

ముందు నుంచి మంత్రిగారి గొంతు వినబడింది. "ఏమిటయ్యా, చీకటి పడింది?"

"కథలో రాత్రయింది సార్," అని పీఏ పరిగెత్తాడు. "ఫారిన్ రాత్రుళ్లు, కొంచెం పొడుగ్గా ఉంటాయి."

సోఫా దగ్గర గాలి కోసం అతని చేతికి దొరికింది, సంతకం కోసం తెచ్చిన హాలు లీజు ఫైలే. దాంతో విసరడం మొదలుపెట్టాడు.

చదువరి పేజీ చూశాడు. బొమ్మ లేకపోతే మాట ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియదు. కానీ శనివారం ట్రయల్‌లో సినిమా మూడుసార్లు చూసి ఉన్నాడు. బస్టాండులో అతను చేసే పని కూడా అదే, కనబడని దాన్ని చెప్పడం. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"తెల్లవారింది. పోస్టుమాను కొండ ఎక్కుతున్నాడు. కొండ అంచున సన్నగా ఎండ. చెప్పు ఒకటి తెగింది, చేత్తో పట్టుకున్నాడు..."

ఈసారి దగ్గులు లేవు. ఎక్కడో కుర్చీ కిర్రుమంటే ఎవరో ఉష్ అన్నారు. చెబుతున్న కొద్దీ అతనికి ఒక సంగతి తెలిసింది: ఈ చీకట్లో తనకి చీటీ ఇచ్చేవాడు లేడు, ఇచ్చినా కనబడదు. ముసలమ్మ మళ్లీ గుమ్మంలోకొచ్చి, అదే మాట అంది. అతను నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"నలభై ఏళ్ల నుంచి రోడ్డొస్తుందంటున్నారు. రోడ్డు రాలేదు, ముసలితనం వచ్చింది. ఆ ఉత్తరం ఎవరికి నాయనా?"

"నీకే అమ్మా."

"చదివిపెట్టు. నాకు చదువు రాదు."

విసురుతున్న ఫైలు చప్పుడు ఆగింది.

"పోస్టుమాను కవరు చింపాడు. చదువుతున్నాడు: అమ్మా, మీ ఊరికి రోడ్డు మంజూరైనదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. తేదీ, నలభై ఏళ్ల కిందటిది. ముసలమ్మ ఉత్తరం మడిచి, చూరులో దోపింది. పోస్టుమానుకి మంచినీళ్లిచ్చింది. అతను కొండ దిగుతున్నాడు. సమాప్తం."

అప్పటికి ఆపరేటరు ఫ్యూజు తీగ చుట్టేశాడు. లైట్లు వెలిగాయి. మంత్రిగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు.

"మొదటి సగం పర్వాలేదు," అన్నారాయన లేచి. "రెండో సగం మాత్రం... ఆహా! కొండ మీద ఆ ఎండ! ఎవరయ్యా కెమెరామన్?"

"అద్భుతం సార్," అన్నాడు సాంస్కృతిక శాఖ డైరెక్టరు. "నాకైతే ఆ గొర్రెల మంద మర్చిపోలేను."

"గొర్రెలు నేనూ చూశాను," అన్నారు మంత్రిగారు.

చదువరి నోటుపుస్తకం వైపు చూసుకున్నాడు. అందులో గొర్రెలు లేవు.

మంత్రిగారికి అంతలో అనుమానమొచ్చింది. "అవునూ, మొదట్లో ఆవిడ రోడ్డొచ్చిందంది కదా?"

"వానలకి కొట్టుకుపోయింది సార్," అన్నాడు పీఏ.

"ఇంటర్వెల్లోనా?"

"ఫారిన్ వానలు సార్."

మంత్రిగారు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. "ఆ తల్లి కన్నీళ్లు నేను చూడలేను. ఆ ఊరికి రోడ్డు ఇప్పుడే మంజూరు చేస్తున్నా. రాసుకోండి." వెంట వచ్చిన రోడ్ల ఇంజనీరు రాసుకున్నాడు. ఊరెక్కడుందని అడగబోయి, సర్వీసు ఇంకా ఆరేళ్లుందని గుర్తొచ్చి ఊరుకున్నాడు. రోడ్డు అరవై శాతం పూర్తయిందని మంగళవారం పత్రికల్లో వచ్చింది.

బుధవారం ఉత్తర్వు వచ్చింది. టీచరమ్మ కవరు విప్పకుండానే చదువరికి ఇచ్చింది. "నువ్వే చదువు నాయనా. నీ గొంతులో వింటేనే నమ్ముతాను."

హాలు లీజు పదేళ్లు పొడిగించారు. షరతు ఒకటే: మంత్రిగారు మెచ్చిన రెండో సగం ప్రమాణాలను ఇకపై ప్రదర్శనలన్నిటిలోనూ విధిగా పాటించాలి. పర్యవేక్షణకి ఒక అధికారి ప్రతి ఆదివారం వస్తారు.

"పదేళ్లు!" అని ఆపరేటరు బావమరిదిని కావలించుకున్నాడు. "ప్రమాణాలంటే ఏముంటాయిరా, ఇంకా శ్రద్ధగా తిప్పుతా!"

నిజంగానే తిప్పాడు. ఆదివారానికి కొత్త బల్బు వేశాడు, అద్దం తుడిచాడు, తెర ఉతికించాడు. ఆ హాలు పుట్టాక బొమ్మ అంత తేటగా పడలేదు. అధికారి ముందు వరసలో కూర్చుని, రెండు గంటలూ కదలకుండా తెరవైపే చూశాడు. అయిపోగానే రిజిస్టరు తెరిచి ఒక వాక్యం రాసి, సంతకం పెట్టి, చదువరికి అందించాడు.

"అందరికీ వినబడేలా చదవండి. రూలు."

చదువరి మైకు దగ్గరికి తీసుకున్నాడు. బస్టాండు గొంతుతో, అక్షరం మార్చకుండా చదివాడు:

"ప్రదర్శన ఆద్యంతమూ తెర మీద బొమ్మలు కనిపించినవి. సంజాయిషీ ఇచ్చుకోవలెను."