గొట్టానికి టోపీ

సృష్టిలో ప్రతి వస్తువుకూ ఒక కాలం ఉంటుంది. ఆసుపత్రి వస్తువుకు మాత్రం ఒక కాలమ్ ఉంటుంది. రిజిస్టరులో ఆ కాలమ్‌లోకి ఎక్కనిదే ఏ వస్తువూ వస్తువు కాదు.

2005లో గుడివాడలోని శ్రీ దీర్ఘాయు ట్రస్టు ఆసుపత్రికి ఆరు చిన్న ప్లాస్టిక్ తొడుగులు వచ్చాయి. పెద్దపేగును చూసే కెమెరా గొట్టం చివర ఒకటి తొడిగితే, అది పేగు మడతలను పక్కకు ఒత్తి, వెనక దాక్కున్న పాలిప్‌లను డాక్టరుకు చూపిస్తుంది. (పాలిప్ అంటే పేగు గోడకు మొలిచే కండ. కొన్నిటిని వదిలేస్తే క్యాన్సరవుతుంది.) పెట్టె మీద ‘క్యాప్’ అని ఉంది. స్టోర్సు చూసే పెద్దిరాజు ముప్పై ఏళ్ల అనుభవంతో యూనిఫారాల రిజిస్టరు తీసి, ‘టోపీలు, పారదర్శకం, ఆరు’ అని రాసి, వార్డుబాయ్‌ల చొక్కాల పక్కన బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇవేమీ తెలియని వీరలక్ష్మి బందరు నుంచి బస్సెక్కి వచ్చింది. గిలకలదిండి రేవులో చేపలు కొని వీధుల్లో అమ్ముకునే మనిషి. మూడు నెలలుగా రక్తం పడుతోంది. మొలలేలే అని సరిపెట్టుకుంది. భయం సిగ్గును గెలిచాకే బయటపడింది.

డాక్టరు కాంతారావు గొట్టం పెట్టి చూశాడు.

“ఒక మడత దగ్గర అనుమానంగా ఉందమ్మా. దాని వెనక్కి చూడలేకపోతున్నాను. టోపీ తొడిగితే తేలిపోతుంది,” అన్నాడు.

టోపీ కోసం ఆయన స్టోర్సుకు రాసిన ఇండెంటు తిరిగొచ్చింది: ‘తల చుట్టుకొలత జతపరచలేదు.’ డాక్టరు పళ్లు కొరుక్కుంటూ తన తల కొలతే రాసి పంపాడు. మళ్లీ తిరిగొచ్చింది: ‘ఇరవై రెండు అంగుళాల తలకు అర అంగుళం టోపీ సరిపడదు. తిరస్కరించడమైనది.’ (మనుషులకు టోపీ పెట్టడానికి మన దేశంలో కొలతలు అక్కర్లేదన్న సంగతి నిబంధనల్లో లేదు.)

ఈలోగా వీరలక్ష్మి కడుపు ఖాళీ చేసే మందు రెండుసార్లు తాగింది. రెండుసార్లూ కడుపు ఖాళీ అయింది, పరీక్ష వాయిదా పడింది. మూడోసారి నర్సు మందు చెంబు చేతికివ్వగానే, ఆ చెంబుతోనే స్టోర్సుకు నడిచింది.

“బాబుగారూ, ఆ టోపీ ఎవరి తలకి పడుద్దండీ?”

“ఎవరికీ పట్టదమ్మా. అందుకేగా ఇవ్వలేదు.”

“గొట్టం తలకి పడుద్దంట.”

“యూనిఫారం ఉద్యోగులకే ఇస్తాం.”

“గొట్టం ఉద్యోగం చెయ్యట్లేదాండీ? ఎవరూ దూరని చోట దూరి మరీ చేస్తంది కదా!”

పెద్దిరాజు కలం ఆగింది. ఆయన దుర్మార్గుడు కాడు. దారి చూపిస్తే నడిచే మనిషే.

“పర్మనెంటా, టెంపరరీనా?” అని అడిగాడు.

“నా ప్రాణంలాగే టెంపరరీ అని రాసుకోండి బాబూ,” అంది వీరలక్ష్మి.

ఆ మధ్యాహ్నం కెమెరా గొట్టం తాత్కాలిక ఉద్యోగంలో చేరింది. విద్యార్హతల దగ్గర, గొట్టం మీది ముద్ర చూసి, ‘జపాను’ అని రాశారు. తల చుట్టుకొలత అతికినట్టు సరిపోయింది.

మర్నాడు టీవీ తెర మీద పేగు మడత మెల్లగా పక్కకు జరిగింది. వెనక ఎర్రగా, రేగుపండంత కండ ఉంది.

“అదేనాండీ?” అంది వీరలక్ష్మి పడుకునే.

“అదేనమ్మా,” అన్నాడు డాక్టరు. సన్నని తీగ ఉచ్చు వేసి దాన్ని కోసి తీసేశాడు.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. ఇంకా చెడలేదు, ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు కాంతారావు. వీరలక్ష్మి బల్ల మీద తల ఆనించి కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆకలేస్తోందంది.

ఆమె బయటికొచ్చేసరికి, మొవ్వ నుంచి వచ్చిన అప్పయ్య అనే రైతు, అదే మందు తాగి, అదే అనుమానంతో స్టోర్సు కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. ఒకరికి వాడిన టోపీ ఇంకొకరికి పనికిరాదు. పెద్దిరాజు ఎంతో మర్యాదగా రిజిస్టరు తిప్పి చూపించాడు. తాత్కాలిక ఉద్యోగికి ఏడాదికి ఒక్కటే టోపీ. గొట్టం ఈ ఏటిది తీసేసుకుంది. మిగతా ఐదూ బీరువాలో భద్రంగా ఉన్నాయి. మళ్లీ ఇచ్చేది వచ్చే జూన్‌లో.

“అప్పటిదాకా ఆగొచ్చంటారాండీ?” అన్నాడు అప్పయ్య.

“నిశ్చింతగా ఆగండి,” అన్నాడు పెద్దిరాజు. “స్టాకు ఎక్కడికీ పోదు.”