ప్రమాదాలు రద్దయిన గని

స్వర్గం పైన ఉంటుందని మానవజాతి ఇన్ని యుగాలుగా మెడ నొప్పి పుట్టేలా ఆకాశం వంక చూసింది. అది కిందనే ఉన్నదని, మూడు షిఫ్టులుగా అందులోకి దిగవచ్చునని 1972లో గోదావరిఖని పొలిమేరలోని ఒక గని పెద్దలు కనుగొన్నారు. (గని పేరు అనవసరం. ఆదర్శాలకు పేర్లుండవు.) ఆ ఏడు అక్కడ ప్రమాదాలను రద్దు చేశారు. తగ్గించడం కాదు. తగ్గించాలంటే పైకప్పుకు దన్నుగా కర్రలు కావాలి, మనుషులు కావాలి. రద్దుకు గేటు మీద ఒక బోర్డు చాలును.

బోర్డు కట్టిన వారానికే గని కార్మికుడు ఆమోసు ఎడమ పాదం మీదుగా, పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు వెళ్ళింది.

అతని భార్య సాయమ్మ కోరిక ఒక్కటే. చితికిన పాదంతో అతడు మళ్ళీ గనిలోకి దిగకూడదు. పైన ఏదైనా డ్యూటీ ఇవ్వాలి. చేతికర్ర ఊతంగా నడుస్తున్న భర్తను వెంటబెట్టుకొని ఆమె ప్రమాద నిర్మూలనాధికారి లింగమూర్తి గారి గదికి వెళ్ళింది.

"గనిలో ప్రమాదమా?" ఆయన నొచ్చుకున్నారు. "ఎలా జరుగుతుందమ్మా, రద్దు చేశాం కదా!"

"రద్దయిన ముచ్చట టబ్బుకు ఎవ్వలు చెప్పనట్టున్నరు సార్."

లింగమూర్తి గారు సాక్ష్యం చూపారు. గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటాడు. ఆమోసు దీపం ఆనాడు చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది. దీపం వచ్చింది గనుక మనిషీ వచ్చాడు. దీపం పగలలేదు గనుక మనిషీ పగలలేదు.

గుమ్మంలో నిలబడ్డ బిక్షం తల పట్టుకున్నాడు. పక్క క్వార్టరు మనిషి, ఆమోసును మోసుకొచ్చినవాడు. "దీపం పోతే అన్న మీద కేసు రాస్తరని నేనే ఇచ్చి బిళ్ళ తెచ్చిన వదినా. గింత పని చేస్తదనుకోలె."

"నువ్వు మంచే చేసినవ్ బిక్షం. గీడ గదే పనికిరాదు," అని సాయమ్మ అధికారి వైపు తిరిగింది. "మరి కాలు యాడ చితికింది సార్?"

ఇంట్లో చితికిందనడానికి ఆయనకు అభ్యంతరం లేదు. కానీ కాలనీకి అప్పటికే ఆదర్శ కాలనీ బిరుదు వచ్చి ఉన్నది. దారిలో అందామంటే, దారి రాళ్ళకు మొన్ననే సున్నం వేయించారు. ఆ విధంగా ఆమోసు పాదం ఎక్కడా చితకకుండానే చితికింది.

"పరలోకంల నొప్పులుండవని మా పాస్టరయ్య చెప్తడు," అంది సాయమ్మ. "ఆడ నొప్పి తీస్తరు సార్. మీరు నొప్పే లేదంటరు."

లింగమూర్తి గారు మొదటి వాక్యాన్ని ప్రశంసగా స్వీకరించారు.

అంతలో భద్రతా వారోత్సవం వచ్చింది. ఒక్క నియమమూ తప్పని కార్మికుణ్ణి సన్మానించాలి. కమిటీ ఎంత వెదికినా ఒక్కడే దొరికాడు: వానాకాలమంతా మంచంలో ఉన్నందున ఏ తప్పూ చేయలేకపోయిన ఆమోసు.

లింగమూర్తి గారు స్వయంగా క్వార్టరుకు వచ్చారు. "వేదిక మీదికి కర్ర తేవద్దు. కర్రను చూస్తే జనం కాలును చూస్తారు. నడిచి వచ్చి బహుమానం తీసుకో. మర్నాడే నీ డ్యూటీ సంగతి చూస్తాను."

ఆయన వెళ్ళాక సాయమ్మ అంది: "నడువకు. ఆగమైతవ్."

"పైన డ్యూటీ ఇస్తనంటే పాక్కుంటనన్న పోత."

"పాకితె ఇయ్యరట. నడువాల్నట."

అతడు పళ్ళు బిగబట్టి నడిచాడు. మైదానమంతా చప్పట్లు కొట్టింది. సాయమ్మ కొట్టలేదు, ఆమె చేతుల్లో కర్ర ఉన్నది. బహుమానంగా గనిలో తొడిగే కొత్త బూట్ల జత ఇచ్చారు.

లింగమూర్తి గారు మాట తప్పే మనిషి కాదు. మర్నాడే చూశారు. ఊరంతా చూస్తుండగా కర్ర లేకుండా నడిచినవాడికి పైన డ్యూటీ అవసరం లేదని, మొదటి షిఫ్టుకు కిందికి దిగవలసిందని నిర్ణయించారు.

తర్వాతి సోమవారం ఆమోసు ఎడమ బూటులో గుడ్డలు కుక్కుకొని, బిళ్ళ ఇచ్చి దీపం తీసుకున్నాడు. గేటు దాకా వచ్చిన సాయమ్మ బిక్షం చెయ్యి పట్టుకుంది.

"ఈసారి ఏమన్న అయితే, దీపం మాత్రం అప్పజెప్పకు."

బిక్షం బోర్డు వంక చూసి తల దించుకున్నాడు. ప్రమాదాలు రద్దయిన ఆ గనిలో దీపం పోగొట్టడం ఇంకా నేరంగానే ఉన్నది.